రెండో ప్రొఫైల్

“వదినా, ఈ మౌస్ నా మాట వినేది లేదు. నువ్వన్నా కొంచెం బుద్ధి చెప్పు,” అంటూ మాధవ డబ్బా తెచ్చి ముందు పెట్టేటప్పటికి కుముద చేతికంటిన దోసెపిండి ఇంకా ఆరలేదు. ముప్పయ్యేళ్ల మరిది. ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పి ఆరేళ్లుగా కంప్యూటర్లో ఆటలాడుతున్నాడు. పుట్టినరోజుకని అన్న బదరీనాథ్ కొనిచ్చిన గేమింగ్ మౌస్ అది. పక్కన ఆరు బటన్లు, కింద రంగురంగుల లైటు. ఆ ఇంట్లో ఆగిపోయిన మిక్సీ అయినా, అర్థంకాని ఫారమైనా చివరికి కుముద ముందుకే వస్తుంది. చేసిపెట్టాక మాత్రం అదేమంత పనా అంటారు.

చెయ్యి కడుక్కుని సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఏ బటన్‌కు ఏ పని ఇవ్వాలో అది అడుగుతుంటే తుపాకీ మార్చడానికి ఒకటి, దూకడానికి ఒకటి ఇచ్చింది. స్క్రీన్ మీద బాణం వేగం సరిచేసింది. వాడు అడిగిన ఎర్ర లైటు పెట్టి, ఆ అమరికనంతా వాడి పేరుతో ఒక ప్రొఫైల్‌గా దాచింది. అప్పుడే కంటబడింది: వరసగా నొక్కే కీలన్నీ రికార్డు చేసి ఒక్క బటన్‌కు ఇవ్వొచ్చట.

కోలారులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసుకు కుముద నాలుగేళ్లుగా ఇంటినుంచే ఆసుపత్రి బిల్లులు ఎక్కిస్తోంది. ప్రతి బిల్లుకూ అవే పద్నాలుగు కీలు. కుడి మణికట్టు వాచిపోయి సంగటి గెలకడం కూడా ఎడమచేత్తోనే. “కూర్చోని చేసేదానికి నొప్పేమి? బంగారు గని మూసేదాకా మీ మామ అక్కడ టైమాఫీసులో కూలోళ్ల హాజర్లు రాసినాడు. ఒకనాడన్నా అబ్బా అన్లేదు,” అంటుంది అత్త ఆదిలక్ష్మమ్మ. ఆయన ఇంటికొచ్చి కాళ్లు చాపుకుంటే పళ్లెం తెచ్చి ముందు పెట్టింది తానేనని ఆమెకే గుర్తులేదు.

మధ్యాహ్నాలు మాధవ నిద్రపోతే, కుముద ఆ మౌస్‌కే తన పేరుతో రెండో ప్రొఫైల్ తయారుచేసుకుంది. మొదట కుదరలేదు. ఫారంలో నాలుగో గడి ఆలస్యంగా తెరుచుకుంటుంది. అంకెలు పోయి పక్కగడిలో పడేవి. అక్కడ అర సెకను ఆగాలని కనిపెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత పద్నాలుగు నొక్కుళ్లు ఒక్కటయ్యాయి. ఆమె వేగం చూసి ఆఫీసువాళ్లే ఫోన్ చేశారు: శనివారం పదకొండుకు ఆన్‌లైన్‌లో పరీక్ష. గంటలో ఎనభై బిల్లులు ఎక్కిస్తే కోలారులో పర్మనెంటు ఉద్యోగం.

“దినామూ కోలారుకు పొయ్యొస్తే ఇంట్లో వంట ఎవరు చేసేది?” అన్నాడు బదరీనాథ్. మళ్లీ తానే నవ్వి, “సరేలే, రాసుకో పో,” అన్నాడు. ఇరవయ్యేళ్లు కాపురం చేసి కూడా ఆ నవ్వును నమ్మింది కుముద.

శనివారం పదింబావుకు మౌస్ తగిలించి చూస్తే ఒక్కటే ప్రొఫైల్ ఉంది. మాధవది.

“మాధవా, నాది యాడ పోయె?”

“తీసేసినా వదినా,” అన్నాడు వాడు ఇడ్లీ నములుతూ. “అన్నే చెప్పినాడు. ‘తీసేయ్‌రా, ఇంగ ఆ పరీక్ష పీడ వదుల్తుంది’ అని. నీకు చెప్పలేదా ఏమి?”

హాల్లో బదరీనాథ్ మొహానికి అడ్డంగా ఉన్న పేపరు కదల్లేదు. దాని వెనకనుంచి మాట మాత్రం వచ్చింది. “ఆటసామాను అది. దాంతో ఎవరన్నా ఉద్యోగం చేస్తారా? ఇంట్లో నీకేమి తక్కువైంది ఇప్పుడు?”

ఏమి తక్కువైంది! గ్యాసు ఆయన పేరు, కరెంటు బిల్లు చచ్చిపోయిన మామ పేరు, గేటు మీద అన్నదమ్ములిద్దరి పేర్లు. ఇంటిల్లిపాదికీ వండి, ఉతికి, తుడిచిన మనిషి పేరు ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ప్రొఫైల్‌కే. దానిమీదా పడింది వీళ్ల కన్ను. కాదని మొహం మీద చెప్పే ధైర్యం లేదు మొగుడికి. నవ్వుతూ పొమ్మని, వెనకనుంచి తమ్ముడితో కాళ్లు విరగ్గొట్టించాడు. వేడి పెనం తీసుకెళ్లి ఆ పేపరు మీద పెట్టాలనిపించింది ఆమెకు.

పెట్టలేదు. గది తలుపు గడియ వేసింది. కొత్త ప్రొఫైల్ తెరిచి, కుముద అని కొట్టింది. వేళ్లకు దారి తెలుసు. పద్నాలుగు కీలు, నాలుగో గడి దగ్గర అర సెకను. ఒకసారి నొక్కి చూసింది. అంకెలన్నీ వాటి వాటి గడుల్లోనే పడ్డాయి.

పదకొండుకు రెండు నిమిషాలు ఉందనగా అత్త తలుపు తట్టింది. “కుముదా, బియ్యం కడగనే లేదు కదమ్మా! అన్నం ఎప్పుడు పెడతావు?”

“కరెంటు కుక్కరు అత్తా, ఒకే బటన్ ఉండాది,” అంది కుముద స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండా. “మీ కొడుకులు ఇద్దరుండారు. ఎవరు నొక్కాల్నో తేల్చుకోమనండి.”