దీమం బాతు

కృపానందం మాస్టారు ఏలూరు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. నౌన్లలో కాంక్రీట్ ఒక రకం, ఆబ్‌స్ట్రాక్ట్ ఒక రకం. ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కలేదు.

"నా బల్ల మీద పెట్టగలిగితే కాంక్రీట్. భయం, సంతోషం పెట్టలేం, అవి ఆబ్‌స్ట్రాక్ట్. తలా ఒక వస్తువు తెండి, చూద్దాం" అన్నారు.

చెంబు వచ్చింది. చెప్పు వచ్చింది. కొల్లేటికోట నుంచి వచ్చి బోర్డింగులో ఉంటున్న సలోమి ఎండు తుంగ పెట్టింది.

"గడ్డి తెచ్చావటే! మీ కొల్లేట్లో ఇంకేమీ దొరకలేదా?"

మాస్టారు నవ్వారు. క్లాసూ నవ్వింది.

ఆదివారం ఇంటికి వెళ్లిన సలోమి, సోమవారం ఊరివాళ్ల పడవలో తడిగోనె కప్పిన బుట్టతో తిరిగొచ్చింది. బుట్టలో బాతు. కాళ్లకు తాడు.

"డక్! కాంక్రీట్ నౌన్!" అని పిల్లలు అరిచారు. సలోమి మొహం వెలిగింది.

"పాపం, కట్టెందుకే?" అంటూ మాస్టారు తాడు విప్పారు.

"వద్దండీ మాస్టారూ..."

బాతు బల్ల దూకి వసారాలోకి పరుగెత్తింది. అక్కడ పడుకున్న కుక్క లేచింది. అందరూ చేరేసరికి ఈకలే మిగిలాయి.

మధ్యాహ్నానికి బాతును వెతుక్కుంటూ సలోమి తండ్రి ఎలీయాజరు వచ్చాడు. బడి పంతుళ్లంతా వసారాలోనే ఉన్నారు.

"అది దీమం బాతండి. వల పక్కన వదిలితే పిలుస్తుందండి. అడవి బాతులు నమ్మి దిగుతాయి. ఈ చలికాలమే మాకు వేట." కూతురి వైపు తిరిగాడు. "ఎవరు విప్పారే?"

"నేనే" అంది సలోమి.

మాస్టారు నోరు తెరిచారు. పక్కన పెద్ద పంతులుగారు ఉన్నారు. నోరు మూసుకున్నారు.

"నీ చదువు చాలు. పద. ఇంకో బాతుపిల్లను పెంచి మచ్చిక చేద్దువుగాని."

ఖాళీ బుట్ట పట్టుకుని సలోమి తండ్రి వెనకాల నడిచింది. మాస్టారు క్లాసులోకి వెళ్లారు. బల్ల మీద తాడు అలాగే ఉంది. దాన్ని తీయబోయి తీయలేకపోయారు. చెప్పులైనా వేసుకోకుండా కాలువ రేవుకు పరుగెత్తారు.

పడవలో ఎలీయాజరు గడకర్ర నీళ్లలో దించుతున్నాడు.

"విప్పింది నేనండీ. సలోమి వద్దంది. తెచ్చిందీ నేను నవ్వబట్టే."

ఎలీయాజరు కూతుర్ని చూశాడు. "మరి నువ్వెందుకు చెప్పావే?"

"మాస్టారు విప్పారంటే ఏం చేస్తావు నాన్నా? దణ్ణం పెట్టి వచ్చేస్తావు. ఆ కోపం కడుపులో ఉండిపోద్ది నీకు. నేనంటే తిడతావు. తిట్టేక ఊరుకుంటావు."

ఎలీయాజరు మాస్టారి వైపు తిరిగాడు.

"అయితే మాస్టారూ, బాతు బదులు మీరొచ్చి మడుగులో కూర్చోండి. మీరు పిలిస్తే దిగుతాయేమో."

మాస్టారు తల వంచుకున్నారు. "కూర్చోమంటే కూర్చుంటానండీ. పిల్ల చదువు మాత్రం మాన్పించకండి."

"దీమం తయారయ్యేదాకా ఇది నాకు ఇంటికాడ కావాలండి. దీని చేతికైతేనే బాతులు మాలిమవుతాయి."

"అయితే శనివారం శనివారం నేనే వస్తాను. అక్కడే పాఠం చెప్తాను."

సలోమి తండ్రి మొహం చూసింది. ఎలీయాజరు గడకర్రతో ఒక పోటు వేశాడు. పడవ కదిలింది.

"రండి. చెప్పండి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఈసారి మాత్రం ఏమీ తెమ్మనకండి."