వాడటం చాలా తేలిక

నేను వస్తువుల మీద సమీక్షలు రాస్తాను. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, టార్చిలైట్లు, ఏదిస్తే దాని మీద. మా వారపత్రికలో చివరి పేజీకి ముందు పేజీ నాది. స్వయంగా పరీక్షించి రాస్తానని నలుగురిలో గొప్పలు పోతుంటాను. నిజానికి అట్టపెట్టె మీద ఉన్నది చదివి రాస్తాను. వాడితే అభిప్రాయం మారిపోతుందేమోనని భయం.

ఫోన్లలో ఇంకా వీడియోలు రాని రోజులు. సామాన్యులు కొనగలిగే వీడియో కెమెరా వచ్చిందంటూ ఎడిటర్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. లోపల చిన్న క్యాసెట్టు, బొటనవేలి కింద ఒకే ఒక్క బటన్. పెట్టె విప్పకముందే సగం సమీక్ష రాసేశాను. "వాడటం చాలా తేలిక. చిన్నపిల్లలు కూడా వాడొచ్చు."

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. బావ బస్టాండులో అనౌన్సర్. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఎల్లుండి ఆపరేషన్. ప్రాణానికి ఫరవాలేదు గానీ స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆ తర్వాత మాట ఉండదు.

"నీ దగ్గర వీడియో కెమెరా ఉందటగా. ఆయన మాట కాస్త పట్టిపెట్టరా. ఇంకేమీ అడగను నిన్ను," అంది.

ఏడ్చినా బాగుండేది. ఉప్పు అప్పడిగినట్టు మామూలుగా అడిగింది. "నువ్వు నిశ్చింతగా ఉండక్కా. నా పనే అది," అన్నాను.

మర్నాడు వెళ్లేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది గానీ ఎకసెక్కాలకు ఏం లోటు లేదు.

"రారా బామ్మర్దీ. పెళ్లికి కూడా ఇంత ముస్తాబు కాలేదు నేను."

చెయ్యి అలవాటు కావాలని కెమెరా తీసి బటన్ ఒకసారి నొక్కాను. ముందువైపు ఎర్ర లైటు వెలిగింది. ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఆఫీసులోనే వదిలేసి వచ్చాను. నాకెందుకది? బుల్లి తెర మూల ఏవో చిన్న అక్షరాలు మారాయి గానీ కళ్లజోడు లేక, కంపెనీ పేరై ఉంటుందిలే అనుకున్నాను.

"ఎర్ర లైటు వెలుగుతోందిరా," అన్నాడు బావ.

"ఆగి ఉందని అర్థం బావా. రోడ్డు మీదైనా, రైలు పట్టాల మీదైనా ఎర్ర లైటంటే ఆగమనే కదా. మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. అప్పుడు మొదలవుతుంది."

"నీ తెలివే తెలివి," అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఇక నా హడావుడి చూడాలి. కర్టెన్ లాగాను, ఫ్యాన్ కట్టేశాను, కుర్చీని రెండుసార్లు జరిపి మళ్లీ మొదటిచోటే పెట్టాను. కెమెరా పెట్టడానికి ఎత్తైన స్టూలు లేకపోతే, కెమెరాను నేల మీద పెట్టి పక్కింటికి పరుగెత్తాను. స్టూలు తెచ్చి, కెమెరా దాని మీద నిలబెట్టి, బటన్ నొక్కాను. లైటు ఆరింది. "కానీ బావా," అన్నాను.

బావ మాట్లాడాడు. అక్కకు ధైర్యం చెప్పాడు, కూతుర్ని బాగా చదువుకోమన్నాడు, అందరికీ కృతజ్ఞతలన్నాడు. అచ్చం బస్టాండు మైకులో చెప్పినట్టే, ఎక్కడా తడబడకుండా. తలుపు పక్కన నిలబడి అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. అయిపోయాక బటన్ నొక్కాను, ఎర్ర లైటు వెలిగింది. కెమెరా చేతిలో వేలాడేసుకుని ఇల్లంతా తిరుగుతూ, నా పనితనం గురించి నేనే చెప్పుకున్నాను.

"ఒకసారి వేసి చూద్దామా?" అంది అక్క. అప్పటికే బ్యాటరీ చచ్చిపోయింది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాను.

బావ ఆస్పత్రిలో ఉండగానే నా సమీక్ష అచ్చయింది. కెమెరాను మాత్రం ఎడిటర్‌ను బతిమాలి ఇంకొన్నాళ్లు అట్టిపెట్టుకున్నాను. బావ మెడకు కట్టుతో ఇంటికి వచ్చాక, ఒక ఆదివారం దాన్ని టీవీకి తగిలించాను. అక్క ముందుకు జరిగి కూర్చుంది.

తెర మీద నా పొట్ట కనిపించింది. తర్వాత కుర్చీ కాలు. ఇదంతా పరీక్షలే అని ముందుకు తిప్పాను. కుర్చీ కాలు, కుర్చీ కాలు, నా మోకాలు, ఆ వెంటనే నా కాలివేళ్లు, వంటింటి గడప. ఆ పైన ఖాళీ. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఎక్కడా లేడు.

"ఆయన మాట్లాడిందేదిరా?" అంది అక్క.

కెమెరా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎర్ర లైటంటే ఆగి ఉందని కాదు, తీస్తోందని అప్పటికి తలకెక్కింది.

బావ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. బల్ల మీది వారపత్రిక తీసి, నా పేజీ తెరిచి, నా ఒళ్లో పెట్టాడు. "చిన్నపిల్లలు కూడా వాడొచ్చు" అన్నచోట వేలు ఆనించాడు. ఆ తర్వాత కెమెరా నా చేతిలోంచి లాక్కుని, టేపు మొదటికి తిప్పి, టీవీ సౌండు పెంచాడు.

కుర్చీ కాలు మీదుగా బావ గొంతు వచ్చింది.

"వాడు వెళ్లాడా?"

"స్టూలు కోసం వెళ్లాడండీ."

"ఇదిగో, నిన్నే. ఇలా కూర్చో. వాడి కెమెరా ముందు ఇది చెప్పలేను, సిగ్గు. పొద్దున నువ్వు బస్టాండు పక్క మార్కెట్టుకు వచ్చే వేళకి, ప్రతి బండీ రెండుసార్లు చెప్పేవాణ్ణి. చెప్పాల్సింది ఒకసారే. మేనేజరు అడిగితే మైకు సరిగా లేదనేవాణ్ణి."

కుర్చీ కిర్రుమంది. ఆ పైన టేపులో అక్క అంది, "నాకు తెలుసు. ఆ రెండోది అయ్యేదాకా కూరలు బేరమాడుతూ నిలబడేదాన్ని."

"ఎన్నడూ చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

బావ నవ్వు. బొంగురుగా, దగ్గు కలిసి. "సరేలే. గ్యాస్ కట్టేశావా?"

అంతలో ధబధబా అడుగులు, ఆయాసపడుతూ నా గొంతు. "స్టూలు దొరికింది బావా. ఇక చూడు."

అక్క ముఖం కొంగులో దాచుకుంది. అడిగినప్పుడు ఏడవని మనిషి, ఇప్పుడు ఏడ్చింది. బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను టేపు ఆపేసి, కెమెరా పెట్టెలో సర్దబోయాను.

బావ నా భుజం తట్టాడు. అలవాటుగా నోరు తెరిచి, మాట లేదని గుర్తొచ్చి మూసుకున్నాడు. నాకు రెండు వేళ్లు చూపించాడు.

టేపు వెనక్కి తిప్పి, రెండోసారి వేశాను.