ఎల్లిగడ్డ సాలు, కొత్తిమీర సాలు

పొద్దున లేవంగనే మొగిలి బీడి ముట్టించుకుని మడిలకు నీళ్లు మలుపుతడు. అతని పెండ్లాం ముత్తమ్మ సద్దిగిన్నె గట్టు మీద పెట్టి, వంగి కలుపు తీస్తది. ఇద్దరికీ మాటల్లేవు. కోరుట్ల పక్కన ఆ ఊర్లె అందరూ పసుపు పెడితే, మొగిలి ఎల్లిగడ్డ పెడతనన్నడు. ముత్తమ్మ కొత్తిమీర అన్నది. కొట్లాడి కొట్లాడి, ఆఖరికి ఓ సాలు ఎల్లిగడ్డ, ఓ సాలు కొత్తిమీర వేసి, గట్ల పొంటి ఓమ, అదే వాము, చల్లిండ్రు. అప్పటి సంది మాట్లాడుకునుడు బంద్.

పంట మంచిగనే వచ్చింది. ఎల్లిగడ్డ ఘాటుకు కొత్తిమీరకు పేనుబంక పట్టలేదు. కాకపోతే బెత్తెడు లేచేసరికి రెండూ కొట్లాడుడు షురూ చేసినయి. ఎల్లిగడ్డది అచ్చం మొగిలి గొంతు, కొత్తిమీరది ముత్తమ్మ గొంతు.

"జర అటు జరుగు, ఊపిరాడుతలేదు," అనేది ఎల్లిగడ్డ.

"నీ కంపుకు నాకు ఆడుతున్నదా?" అనేది కొత్తిమీర.

ఓమ మాట్లాడేది కాదు, నడుమనడుమ దగ్గేది. ఆ బాటన పోయే శంకరవ్వ మాత్రం, "మొగిలీ, నీ పంట మస్తు నోరు చేస్తున్నదిరా, జర నీళ్లు పెట్టు," అని చెప్పి పోయేది.

అది జీపు చప్పుడైతే ఇండ్లకు తలుపులు పడే కాలం. అడివిలుండే నక్సలైటు అన్నలు అడిగితే బువ్వ పెట్టకుండ ఉండలేరు, పెట్టినట్టు తెలిస్తే పోలీసులు ఉండనియ్యరు. ఓ మాపు అన్నలు మడికాడ ఆగితే ముత్తమ్మ జొన్నరొట్టెలు, కారం పెట్టింది. తెల్లారేసరికి ఆ సంగతి ఠాణాకు చేరింది.

ఎస్సై జీపు దిగి మొగిలి రెక్క పట్టిండు.

"ఎవలచ్చిండ్రురా?"

"ఎవలు రాలే సారూ."

"జగిత్యాల పోదాం నడువు. అక్కడ యాదికొస్తది."

అట్ల జీపెక్కినోళ్లల్ల తిరిగొచ్చినోళ్లు తక్కువ. ముత్తమ్మ ఉరికొచ్చి జీపుకు అడ్డంగ మోకాళ్ల మీద పడ్డది. "నా మొగన్ని తీస్కపోకు సారూ!"

అప్పుడే మొగిలి గొంతు వినవడ్డది. "వచ్చిండ్రు సారూ. అన్నలే వచ్చిండ్రు."

మొగిలి నోరు మూసుకునే ఉన్నది. ఎస్సై చుట్టూ చూసిండు. "ఎవడు వాడు?"

"ఎల్లిగడ్డ సారూ," అన్నడు కానిస్టేబుల్ ఓదెలు.

"మంచిది. సాక్షి దొరికిండు," అని ఎస్సై గట్టు మీదికి పోయిండు.

కొత్తిమీర ఊకుంటదా? "నువ్వెప్పుడు సూసినవ్? నీ తలకాయ మట్టిలుండె! పైనున్నదాన్ని నేను. వచ్చినయి అడివి పందులు."

"పందులు రొట్టెలు తింటయా?"

"నీ కంపుకు నిన్ను ముట్టక రొట్టెలు తిన్నయి."

"లాల్‌సలాం అన్నయి గద?"

"గుర్రుమన్నయి. మట్టి చెవులకు అట్లనే ఇనవడ్డది."

ఓమ గట్టిగ దగ్గింది.

"నోర్మూయుండ్రి!" అని అరిచిండు ఎస్సై. "ఎవరి మాట నమ్మాలె నేను?"

"ఆడదాని మాట ఓపారి నమ్మి సూడు సారూ," అన్నది కొత్తిమీర మెల్లగ. "ఎన్నడన్న నమ్మినవా?"

ఇల్లా ఇది, ఠాణానా అని అడిగి ఎస్సై పెండ్లాం మనోరమ సిరిసిల్లల తల్లిగారింటికి పోయింది. మళ్ల రాలేదు.

"అమ్మగారు గూడ గిదే అన్నది సారూ, పోయేటప్పుడు," అన్నడు ఓదెలు, కొండగట్టు దిక్కు చూసుకుంట.

ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నడు. "పందులని రాసుకో ఓదెలూ. వాన్ని ఇడిసిపెట్టు."

మొగిలి పోయి ముత్తమ్మను లేపిండు. "మోకాళ్లకు తాకిందా?" అని అడిగిండు. ఆమెకు ఏడుపచ్చింది. కండ్లు తుడుచుకుని మడిలకు దిగి, ఓ గుప్పెడు కొత్తిమీర పీకి కట్ట కట్టి ఎస్సై చేతుల పెట్టింది. "అమ్మగారికియ్యుండ్రి సారూ."

"జగిత్యాలకేనా సారూ?" అని అడిగిండు డ్రైవరు.

"సిరిసిల్లకు పోనియ్."

జీపు మలుపు తిరిగేదాక ఎస్సై చేతుల కట్టల నుంచి కొత్తిమీర గొంతు వినవడుతనే ఉన్నది. "పోంగనే ఆమె చెప్పేది ఇను. మళ్ల నువ్వే సవాలు జవాబు మొదలువెట్టేవు... ఇంటున్నవా సారూ?"

"ఇంటున్న," అన్నడు ఎస్సై.