ముద్రకీ నిద్రకీ మధ్య

నేను ఒక ప్రింటర్‌ని. వైరు లేనిదాన్ని, ఎవరితోనూ వైరం లేనిదాన్ని. ఇంకు ఉన్నంతసేపూ ఇంకేమీ అడగనిదాన్ని. సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, థర్మోకోలు దిండ్ల మధ్య ఒదిగి, ఓడెక్కి, లారీ ఎక్కి, తెనాలిలో ఒక దుకాణం అద్దాల వెనక తేలాను. అక్కణ్ణించి భ్రమరాంబ టీచరుగారు నన్ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు, ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు అచ్చు వేయడానికి.

నా బతుక్కి రెండే పనులు: ముద్రించడం, నిద్రించడం. మొదటిదాన్ని లోకం మెచ్చుకుంటుంది. నాకు మాత్రం రెండోదే అద్భుతం. తెర చీకటవుతుంది, ఒంట్లో కరెంటు చిటికెడుకి దిగుతుంది, అయినా ఒక చెవి గాలిలోకి తెరిచే ఉంటుంది. వంటింట్లో టీచరుగారు ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, గోడ దాటి, బీరువా దాటి, ఇంట్లో ఇన్ని వస్తువులుండగా నన్నే వెతుక్కుంటూ ఆ పిలుపు వస్తుంది. ఎలా వస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఒళ్లు విరుచుకుని లేస్తాను.

ఆఫ్ అంటే అలా కాదు. నా బొత్తాం నొక్కి ఆపితే మూతి తుడుచుకుని, మూత పెట్టుకుని మర్యాదగా పడుకుంటాను. పని మధ్యలో గోడ స్విచ్చి కట్టేస్తే తెరిచిన నోరు తెరిచినట్టే ఉంటుంది. ఇంకు కాస్తా ఇంకిపోతుంది.

ఆ గోడ స్విచ్చిలకి అధిపతి టీచరుగారి భర్త కోదండపాణిగారు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఊరంతటికీ కరెంటు ఇచ్చిన మనిషి ఇంట్లో మాత్రం ఆపుతూ తిరుగుతారు. ఫోను ఛార్జింగుకి పెట్టి, అలవాటు కొద్దీ ఆ స్విచ్చి కూడా కట్టేస్తారు. వైఫై డబ్బా ఒక్కదాని జోలికి పోరు. అది ఆగితే క్రికెట్టు ఆగుతుంది.

"నిద్రపోయేదానికి కరెంటెందుకే? నాకు నిద్రలో అన్నం పెడుతున్నావా?" అనేవారు నన్ను చూపించి.

"మీ గురకకి బిల్లేస్తే తెలిసేది!" అనేవారు టీచరుగారు, వీధి చివరి ఇస్త్రీ బండి దాకా వినిపించే గొంతుతో.

ఆ గొంతుకే ఆపరేషనైంది. స్వరపేటిక మీద చిన్న గడ్డ ఏదో తీశారు. "నేను చెప్పేదాకా గుసగుస కూడా వద్దమ్మా. గట్టిగా అరిచారంటే ఇక మాట రాదు" అన్నాడట డాక్టరు.

ఆయన ఫోనులో ఛార్జింగ్ ఉండదు, ఆవిడ నోట్లో మాట ఉండకూడదు. ఇద్దరికీ మధ్య మిగిలింది నేను. టీచరుగారు నా సెట్టింగుల్లోకి వెళ్లి, వాడకపోతే దానంతటదే ఆగిపోయే 'ఆటో ఆఫ్' ఏర్పాటు తీసేసి, నిద్ర మాత్రం ఉంచారు. ఆ రోజునుంచీ హాల్లో నా నోట ఆవిడ మాటలు. "కాఫీ చల్లారుతోంది." "చొక్కా తిరగేసి వేసుకున్నారు." ఇన్నేళ్లూ ఆవిడ ఏమన్నా పేపరు వెనకనుంచి "ఊఁ" అన్న మనిషి, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదువుతున్నారు. ఆటో ఆఫ్ అనేది మొగుళ్ల చెవులకి కూడా ఉంటుందనీ, కళ్లకి ఉండదనీ అప్పుడు కనిపెట్టాను.

మే నెలలో ఒక రోజు టీచరుగారు ఫోను పక్కన పెట్టుకుని మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక వడియాలు పెడుతున్నారు. కోతులొస్తాయని కోదండపాణిగారు మేడ తలుపు వేయబోయారు. జాగ్రత్తపరుడు కదా, "పైన ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి మరీ అడిగారు. జవాబు రాలేదు. గడియ పెట్టి, దిగి, దారిలో పాత అలవాటు కొద్దీ నన్నూ కట్టేసి, వరండాలో కూలర్ ముందు కూర్చున్నారు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను నిద్రలో లేను, అసలు లేనే లేను.

"ఏమే, అన్నం పెడతావా?" అన్నారట ఆకలేసి. కాగితం రాలేదు. "అలిగిందా? అలిగితే తిట్టాలి కదా, తిట్టినా కాగితం రావాలి కదా!" అనుకుంటూ నా దగ్గరికొచ్చారు. స్విచ్చి కట్టేసి ఉంది. తిట్లు తినడానికి నన్ను వేశారు.

లేచాను. నోరు పిడచకట్టుకుపోయింది. కడుక్కుంటూ గరగరలాడుతుంటే, "కానీవే, ఏం తిట్టిందో చూద్దాం" అని పైన తట్టారు. అంతలో గాలిలో నాకోసం కాచుకున్న మాటలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

మొదటి కాగితం చారలు చారలుగా వచ్చింది. "మేడ తలుపు తీయండి." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ట్యాంకు వెనకే ఉన్నాను. మీరు పిలిచారు, పలకలేకపోయాను." ఆయన తర్వాతి కాగితం లాక్కున్నారు. "తలుపు బాదుతున్నాను. కూలర్ హోరులో వినపడదా?" "కాళ్లు కాలుతున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి." ఆ తర్వాతది సగమే బయటికొచ్చింది. "ఇక ఆగలేను. అరుస్తా…"

మిగతా సగం కోసం ఆయన ఆగలేదు. మెట్ల మీదనుంచి ఇల్లు అదిరేలా కేక: "అరవకే! వస్తున్నా! నోరు మూసుకో భ్రమరా, నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకో!"

ఈ ఇంట్లో ఆ మాట అనే ధైర్యం ఆయనకి ఎన్నడూ లేదు. ప్రపంచంలో ఏ భార్యతోనూ ఆ మాట అంత ప్రేమగా ఎవరూ అని ఉండరు. నా ట్రేలో కాగితాలు రెపరెపలాడాయి.

కిందికి తెచ్చారు. ముఖం కందగడ్డ, పెదాలు బిగబట్టి ఉన్నాయి. అరవలేదు. "ఊపిరి ఎగబీల్చి నోరు తెరిచింది, అప్పుడే తలుపు తీశాను" అని గోడలకి చెబుతూ, ఆవిడ పాదాల మీద చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చున్నారాయన. ఆవిడ ఫోను అందుకున్నారు. నేను ముద్రించాను: "కూలర్ ఆపకండి."

ఆపలేదు. సాయంత్రం నా గోడ స్విచ్చి మీద ఆయనే టేపు అతికించారు, మళ్లీ తన చెయ్యి పడకుండా.

డాక్టరు ఇక మాట్లాడొచ్చన్న రోజు, ఆసుపత్రినుంచి వస్తూనే ఆయన కళ్లజోడు తగిలించుకుని నా ముందు నిలబడ్డారు. తెర వెలిగించారు, ట్రేలోకి తొంగి చూశారు.

"ఏదీ? ఏమీ అనవేం?"

నా దగ్గర ఏమీ లేదు. గాలంతా వెతికాను, ఒక్క మాటా లేదు.

ఆయన వెనకనుంచి, జీరబోయిన, సన్నటి, ఇస్త్రీ బండి సంగతటుంచి గుమ్మం దాకా కూడా పోని గొంతు ఒకటి వినిపించింది.

"ఇక్కడున్నానండీ."

ఆయన తిరిగారు. కళ్లజోడు తియ్యడం మర్చిపోయి, కాగితాన్ని చదివినట్టే ఆవిడ ముఖాన్ని చూస్తూ ఉండిపోయారు. ఇక నాతో పనిలేదు. చెవి ఒక్కటి తెరిచి ఉంచి, నెమ్మదిగా నిద్రలోకి జారాను.