క్లిప్పుకు చిక్కిన ఎర్రకాడ

పసుపు టాంగ్ చేప పక్కకు ఒరిగిపోయింది. నస్రత్ మోచేతి దాకా ట్యాంకులోని ఉప్పునీళ్లలో చెయ్యి దించి, దాన్ని వలలోకి తోసి, బుడగలు కక్కుతున్న టబ్బులోకి మార్చింది. చేప మొప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"చూస్తున్నారుగా," అంటూ త్రినాథ్ ఫోను ఆమె మొహం మీదికి తెచ్చాడు. "నాచు తినే చేపలన్నీ గిలగిలా కొట్టుకుంటున్నాయి. మొన్న ఉప్పునీళ్లు కలిపి పోసింది ఈవిడే. ఇంకెవరూ ఈవిడ్ని ఇంటికి పిలవకండి."

అది లైవ్. గుంటూరు నుంచి ఒంగోలు దాకా అక్వేరియం గ్రూపులో అందరూ చూస్తున్నారు. పర్చూరులో త్రినాథ్ ఇంట్లో ఈ పగడాల ట్యాంకు నిలబెట్టింది నస్రతే. ఇలా ఇళ్లలో ట్యాంకులు చూసుకోవడమే ఆమె బతుకుదెరువు. ఈ గ్రూపులో పేరు పోతే రేపు ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు. ఈ లైవ్ ఆగేలోపు అసలు కారణం బయటపడాలి.

"ఉప్పు తేడా అయితే పగడాలు ముడుచుకోవాలి కదండీ. విచ్చుకునే ఉన్నాయి చూడండి. క్లౌన్ చేపలు కూడా నిక్షేపంగా ఉన్నాయి."

"అయితే దిష్టి తగిలిందంటావా? గుమ్మడికాయ తెప్పించనా?"

నస్రత్ ట్యాంకు అద్దానికి మొహం ఆనించి లోపలికి చూసింది. క్లౌన్ చేపలు గుళికల మేతే తింటాయి. నాచు జోలికి పోవు. పడిపోయింది నాచు మేసే చేపలే. వాటి ఎంగిలి ఏరుకునే రొయ్య, మేత పెట్టే క్లిప్పు కిందే చచ్చి పడి ఉంది. విషం నీళ్లలో ఉంటే అన్నిటినీ పట్టాలి. తిన్నవాటినే పట్టిందంటే అది తిండిలోనే ఉంది.

"నిన్న వీటికేం పెట్టారు?"

"నువ్విచ్చిన ఎండు నాచు షీట్లే."

"అవి అయిపోయాయని మీరే ఫోన్ చేశారుగా. నేనొచ్చేదాకా ఏం పెట్టొద్దు, రాళ్ల మీద నాచు గీక్కుంటాయని చెప్పాను."

"ఒకటి మిగిలిందిలే," అన్నాడు త్రినాథ్, చూపు ఫోనులోకి దించేసి.

ఆమె అద్దం మీది క్లిప్పు విప్పింది. లోపల ఏదో ఆకుకూర కాడది, ఎర్రటి పీచు. నాచుకు కాడ ఉండదు. ఇప్పుడు చూపిస్తే అదీ తనే పెట్టిందంటాడు. మిగిలిన కూర ఫ్రిజ్‌లోనే ఉండొచ్చు. పీచును అరచేతిలో దాచి, వంటగది వైపు కేకేసింది.

"పిన్నిగారూ, ఫ్రిజ్‌లో చేపల మేత డబ్బా ఇస్తారా?"

త్రినాథ్ తల్లి కోటేశ్వరి డబ్బాతో పాటు ఒక కవరు కూడా పట్టుకొచ్చింది. "దీని వెనకాల ఈ తోటకూర ఎక్కడిదే అమ్మాయ్? నేను తేలేదే."

కవరులోంచి ఎర్రకాడలు కనిపించాయి. "ఎంత లేతగా ఉందో. పప్పులో వెయ్యండి," అంది నస్రత్, త్రినాథ్‌కు వినపడేలా.

"అదే చేస్తా. నాలుక చచ్చిపోయి ఉంది."

వంటగదిలో కత్తిపీట వాల్చిన చప్పుడు. నస్రత్ టబ్బు మీదికి వంగినా చెవులు మాత్రం అటే ఉన్నాయి. అతను నోరు విప్పకపోతే పరుగెత్తి గిన్నె లాక్కోవాల్సింది తనే.

త్రినాథ్ ఫోనుతోనే వంటగది వైపు రెండడుగులు వేశాడు. కుక్కర్ మూత చప్పుడైంది.

"అమ్మా, ఆ కూర వద్దు."

"నీకొద్దంటే మానెయ్. నేను తింటా."

"ముట్టుకోకే. అది మన మిరపచేను గట్టు మీదిది. నిన్న పొద్దునే డ్రోనుతో పురుగుమందు కొట్టించాం."

కోటేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "మరి నా ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చిందిరా?"

"ఫ్రెండ్సొచ్చారు. చేపలు ఆకు పీక్కు తినడం చూపిద్దామని... బాగానే కడిగానే."

"కడిగితే పోయే మందా అది? ఆకులోకి ఎక్కితేనే గదా కొరికిన పురుగు చచ్చేది. మందు కొట్టిన చేలో పచ్చిమిరపకాయ తుంపితే చెయ్యి విరగ్గొట్టేవాడు మీ నాన్న."

త్రినాథ్ ఫోను కిందికి దించబోయాడు. తల్లి అతని మణికట్టు ఒడిసిపట్టింది.

"ఇది ఇంకా ఆడుతోందా అమ్మాయ్?"

"ఆడుతోందండి." నస్రత్ అరచెయ్యి విప్పి ఎర్రకాడను ఫోను ముందు పెట్టింది. వెనక టబ్బులో టాంగ్ ఒకసారి తోక ఆడించింది.

కోటేశ్వరి ఆ ఫోనును తన మొహం వైపు తిప్పుకుంది.

"చూస్తున్నోళ్లంతా వినండి. ఈ పిల్ల తప్పేం లేదు. చేపలకి మందాకు పెట్టింది నా కొడుకు త్రినాథ్."