హెక్టర్ చెయ్యి

మా ఆయన హెక్టర్ కుడిచెయ్యి తెలియనివాళ్ళు మా ఊరు కిల్‌బ్రాకెన్‌లో లేరు. నా పేరు నెట్టా, ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీలు ఉతికే మనిషిని కాబట్టి ఆ చేతి గురించి నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆయన జెర్సీకి కుడి చంక కింద కుట్లు ఎప్పుడూ ఊడిపోతాయి. కుట్టీ కుట్టీ నాకు విసుగొచ్చింది.

ఆయన మా జట్టుకి కెప్టెన్, వెనకాల మధ్యలో నిలబడే డిఫెండరు. అవతలివాడు బంతి ముందుకు తన్నబోయే క్షణానికి "పదండి!" అని అరిచి చెయ్యెత్తుతాడు. పక్కనున్న ముగ్గురు డిఫెండర్లూ ఆయనతోపాటు ఒక్కసారిగా ముందుకు జరుగుతారు. అవతలి ఫార్వర్డులు వీళ్ళ వెనకాల, గోలు వైపు మిగిలిపోతారు. ఇంకేముంది, ఆఫ్‌సైడ్. లైన్స్‌మన్ జెండా లేస్తుంది, రిఫరీ ఈల మోగుతుంది, ఆట ఆగిపోతుంది. వానలో నిలబడి చల్లారిన మాంసం రొట్టె నములుతూ, ఇలా ఆగి ఆగి నడిచే ఆట చూడ్డానికి జనానికి ఒళ్ళు మండేది. అయినా మా జట్టు ఇన్నేళ్ళు పరువుగా బతికింది ఆ చేతి మీదే.

ఆ వేసవిలో లీగ్ పెద్దలకి ఏం బుద్ధి పుట్టిందో, సీజనుకి ముందు ఆడే చిన్న కప్పులో కొత్త రూలు పెట్టి చూస్తామన్నారు. గోలు ముందుండే పెనాల్టీ బాక్సు పై గీతని మైదానం రెండు అంచుల దాకా పొడిగిస్తారట. ఆ గీత దాటాకే ఆఫ్‌సైడ్. ఇవతల ఎవడు ఎక్కడ నిలబడినా తప్పు లేదు. గోల్స్ ఎక్కువ పడితే జనం వస్తారని వాళ్ళ ఆశ.

"గీత కాస్త పొడుగైతే ఏమైందయ్యా?" అన్నాను నేను.

"ఏమైందా? నేను చెయ్యెత్తేది మైదానం మధ్యలో కదా, నెట్టా. ఇక అక్కడ ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే." బొగ్గుగని నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. "బాక్సు దాకా వాళ్ళతో పరిగెత్తాలి. ఈ మోకాళ్ళతో!"

కొత్త మేనేజరు పర్డీకి మొహమాటం లేదు. నా ఎదురుగానే అనేశాడు: "హెక్టర్, ఈ కప్పు మ్యాచ్‌లో నిలబడ్డావా, సీజనంతా నీ చోటు నీదే. లేదంటే స్ట్రూవన్‌ని దింపుతాను." స్ట్రూవన్ అంటే మొన్ననే చేరిన ఇరవయ్యేళ్ళవాడు, గాలిలా పరిగెడతాడు. మా ఆయన వారమంతా భూమి కింద ఉండి శనివారం కోసం బతికే మనిషి. ఆ చోటు పోతే ఆయనకి ఏం మిగులుతుందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది.

మ్యాచ్ రోజు పొద్దున్నుంచీ ముసురు. నేను టీ కొట్టు తలుపు దగ్గర నిలబడ్డాను. కాసేపటికే అవతలి జట్టు డన్‌లోరి వాళ్ళు మైదానం మధ్యలోంచి పొడుగ్గా బంతి వేశారు. హెక్టర్ "పదండి!" అని చెయ్యెత్తాడు. మరిచిపోయాడు, మహానుభావుడు! ముగ్గురూ ముందుకు జరిగి నిలబడిపోయారు. పాతకాలమైతే ఈల మోగేది. ఇప్పుడు మోగలేదు. డన్‌లోరి ఫార్వర్డు ఒక్కడే తీరిగ్గా పరిగెత్తి గోలు కొట్టాడు. హెక్టర్ చెయ్యి ఇంకా పైనే ఉంది.

"ఏరా ముసలోడా, బస్సు ఆపుతున్నావా?" అని డన్‌లోరి జనం మొదలుపెట్టారు.

"కాదురా, టీచర్ని అడుగుతున్నాడు, ఒంటేలుకి పోతాడంట!"

మావాళ్ళు కూడా నవ్వారు. సిగ్గు లేకపోతే సరి!

సగం ఆటకి విరామమిచ్చినప్పుడు టీ తీసుకెళ్ళి ఆయన దగ్గర వంగాను. "చెయ్యి కిందే పెట్టుకోవయ్యా, నీకు దండం పెడతాను" అన్నాను.

"అది నా మాట వింటే కదా" అన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

రెండో సగం అంతా కుడిచేత్తో నిక్కరు అంచు పట్టుకునే ఆడాడు. నిజంగా! జేబుదొంగని పట్టుకున్నట్టు తన చేతిని తనే పట్టుకున్నాడు. పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు. అవతలి వాళ్ళని బాక్సు దాకా వెంటాడి బంతి లాక్కున్నాడు. ఈలోగా మావాళ్ళు ఒక గోలు తిరిగి కొట్టారు. సమానం. పర్డీ కూడా చప్పట్లు కొట్టడం చూశాను. పడ్డాంరా గట్టున అనుకున్నాను.

ఆట ముగిసే వేళకి డన్‌లోరి వాళ్ళ బంతి మళ్ళీ వచ్చింది. వాళ్ళ ఫార్వర్డు అప్పటికే గీత దాటి, మా డిఫెండర్లందరికీ వెనకాల ఉన్నాడు. కొత్త రూలు లెక్కనైనా, పాత రూలు లెక్కనైనా అది ఆఫ్‌సైడే. టీ కొట్టు దగ్గర్నుంచి నాకే కనిపించింది. హెక్టర్ కూడా చూశాడు. చెయ్యి మాత్రం నిక్కరు వదల్లేదు. జెండా లేవలేదు. గోలు పడింది. ఓడిపోయాం.

నేను బురదలోనే లైన్స్‌మన్ గెడ్డెస్ మీదికి వెళ్ళాను. ఆయన మా ఊరి వాడే. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?"

"వానకి గీత సగం చెరిగిపోయింది తల్లీ. అయినా..." నసిగాడు గెడ్డెస్. "హెక్టర్ చెయ్యెత్తలేదుగా. అందుకని కాదేమో అనుకున్నాను. ఎప్పుడూ ఆయన చెయ్యి చూసేగా నేను జెండా ఎత్తేది!"

నేను వెనక్కి తిరిగాను.

బట్టలు మార్చుకునే గది బయట, రూలు ఎలా ఉందో అడగడానికి లీగ్ తరఫున వచ్చిన కాల్డర్ గారు నిలబడి ఉన్నారు. పర్డీ ముందే హెక్టర్ భుజం పట్టుకుని పక్కకి లాగాడు. "రెండు గోల్స్‌కీ కారణం ఆ దిక్కుమాలిన గీతే. ఆయనకి అదే చెప్పు. క్లబ్బు పెద్దలకి నేనూ అదే చెప్తాను. గీత పోతుంది, నువ్వుంటావు."

హమ్మయ్య అనుకున్నాను. పర్డీని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"కెప్టెన్‌గా మీరు చెప్పండి. ఆట ఎలా ఉంది?" అని అడిగారు కాల్డర్ గారు.

హెక్టర్ బురద కాళ్ళతో గోడకి ఆనుకున్నాడు. "బాగుంది సార్. ఉంచండి. తప్పు గీతది కాదు. నా కాళ్ళకే సత్తువ లేదు."

పర్డీ గదిలోకి తల పెట్టి, మంగళవారం ప్రాక్టీసుకి అందరూ రావాలని కేకేశాడు. వెనక్కి తిరిగి హెక్టర్ వైపు చూసి, ఆయన్ని మాత్రం రమ్మనకుండానే వెళ్ళిపోయాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. "నీకు మతి పోయిందా? ఒక్క మాట! గీత బాలేదు అనడానికి నీకేం నొప్పి?"

"అరవకు నెట్టా. ఓపిక లేదు." బెంచీ మీద కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ ఆట ఆపడమే నా పని. ఒక్కణ్ణీ ఆడనివ్వలేదు. ఇవాళ ఆ డన్‌లోరి కుర్రాడు నన్ను దాటి పరిగెత్తాడు చూశావూ? ఎంత బాగుందే! నేను చెయ్యెత్తితే వాడెక్కడ ఆగిపోతాడోనని భయమేసింది నాకు."

నాకు ఏడుపొచ్చింది. వంగి ఆయన బూట్ల తాళ్ళు విప్పాను.