అరవని పెట్టె

ఆ గాజుపెట్టె పుంగనూరుకు వచ్చేటప్పటికే ముసలిది. ఏదో చలిదేశపు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ల పాటు నెలలు నిండని బిడ్డలను వెచ్చగా కాచింది. అక్కడ కొత్తది రాగానే ఓడెక్కి మదనపల్లెకు వచ్చింది. అక్కడా కొత్తది వచ్చాక, తొంభై ఆరులో, పుంగనూరులోని చిన్న మిషన్ ఆసుపత్రికి చేరింది. ప్రతిచోటా దానికి దండ వేసి మరీ సాగనంపారు. ఇచ్చేవాళ్లకు పుణ్యం ఎటూ దక్కుతుంది. పుచ్చుకునేవాళ్ల కరెంటు ఎలాంటిదో ఎవరడుగుతారు?

అడగాల్సినవాడు వరప్రసాద్. ఆసుపత్రిలో కరెంటు, నీళ్ల మోటారు, జనరేటరు అన్నీ చూసేది అతనే. పెట్టెతో వచ్చిన పుస్తకం ఇక్కడెవరికీ రాని భాషలో ఉంది. స్విచ్ వేస్తే పెట్టె కాసేపు బుద్ధిగా వెచ్చబడేది. ఆ తర్వాత పైన ఎర్రబల్బు వెలిగి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టేది. లోపల వేడి మీరితే అది అలా అరవాలని అతనికి తెలుసు. నిజంగా వేడి మీరుతోందా, లేక ఈ ఊరి కరెంటు ఎగుడుదిగుడుకు ఊరికే బెదురుతోందా అన్నదే తెలియదు.

"బెంగుళూరు నుంచి ఒకసారి మెకానిక్కును పిలిపిద్దామమ్మా" అన్నాడు డాక్టర్ శైలజతో.

"దానమిచ్చిన ఆవుకు పండ్లు ఎంచుతారా ప్రసాదూ? ఆదివారం ప్రతిష్ఠ పెట్టుకున్నాం. ఇచ్చినోళ్లకు ఫోటో పంపాల."

ఆదివారం పాస్టరయ్య కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే పెట్టె కూత అందుకుంది. వరప్రసాద్ స్విచ్ ఆపి మళ్లీ వేశాడు, అదే కూత. పాస్టరయ్య గొంతు పెంచాడు. పెట్టె తగ్గలేదు. వెనక వరసలో నవ్వులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చూసిన చూపుకు అతనికి తల కొట్టేసినట్టయింది. పెట్టె వెనక్కి వంగి, కటింగ్ ప్లేయరుతో కూత తీగను కత్తిరించాడు. ఎర్రబల్బు తీగ వేరే, దాని జోలికి పోలేదు. సాయంత్రం మళ్లీ కలుపుదాంలే అనుకున్నాడు. ఆమేన్ అన్నారు, ఫోటో తీశారు. సాయంత్రానికి నీళ్ల మోటారు కాలి కూర్చుంది. మర్నాటికి పెట్టె అరవకపోవడం అందరికీ అలవాటైపోయింది, అతనికి కూడా.

రెండు వారాలకు రామసముద్రం వైపు నుంచి మునీశ్వరి అనే పిల్ల వచ్చి, ఎనిమిదో నెలలోనే ఆడబిడ్డను కన్నది. బిడ్డ చిన్నదే కానీ ఏడుపు గట్టిది. పెట్టెలో పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం ఫ్యాను బాగుచెయ్యడానికి వెళ్లిన వరప్రసాద్‌కు ఎర్రబల్బు వెలుగుతూ కనబడింది. గాజు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. అన్నం కుండ మూతలాగా కాలుతోంది. అతను కేకేస్తే నర్సు పరుగెత్తుకొచ్చి బిడ్డను బయటికి తీసింది. ఒళ్లంతా ఎర్రగా కందిపోయింది. ఈసారి ఏడవలేదు. పొద్దు గూకకముందే పోయింది.

అతను నోరు తెరవబోయాడు. అంతలో మునీశ్వరి తల్లి చెంగమ్మ అందుకుంది. "ఊరుకో మునీ. ఏడో నెల బిడ్డయినా నిలుస్తాది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదు. మా అమ్మ కాలం నుంచీ ఉండే మాటే గదా."

డాక్టరమ్మ కాదనలేదు. నర్సు నేల చూసింది. ఆ మాట చాటున వరప్రసాద్ కూడా సిగ్గు లేకుండా నిలబడిపోయాడు. ఉద్యోగం పోతుందని, జైల్లో వేస్తారని భయపడ్డాడు. దాచడానికేముంది, అంత పిరికివాడే.

ఆ నెలాఖరులో డాక్టరమ్మ పిలిచింది. "ఆ పెట్టె ఇంక ఈడ వద్దు ప్రసాదూ. కుప్పంలో ఒక చిన్న ఆసుపత్రి వాళ్లు అడగతాండారు, వాళ్లకు అదీ లేదు. తుడిచి రంగెయ్యి."

"దాంట్లో వేడి మీరతాదమ్మా."

"వాళ్ల కరెంటు మంచిదేమో" అంది ఆమె, అతని మొహం చూడకుండా.

కుప్పం నుంచి వ్యానుతో వచ్చిన ఎలక్ట్రీషియన్ ముద్దుకృష్ణ నవ్వుమొహం మనిషి. వీడికైనా చెప్పేద్దామని వరప్రసాద్ పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నాడు. తీరా పెట్టెకు దండ వేస్తున్నప్పుడు ముద్దుకృష్ణే అడిగాడు. "ఇది అరుస్తాదాన్నా? ఇట్లాంటివి అరిచి అరిచి సంపుతాయంట."

"అరవదు" అన్నాడు వరప్రసాద్. అందులో అబద్ధం లేదు. వ్యాను వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే కుప్పం నుంచి కవరు వచ్చింది. నోటీసుబోర్డుకు గుచ్చమని డాక్టరమ్మ ఫోటో అతనికే ఇచ్చింది. పెట్టె చుట్టూ నర్సులు, లోపల గుప్పెడంత బిడ్డ. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. వాళ్ల భుజాల మధ్య ఎర్రబల్బు వెలుగుతోంది. ఫోటో తిప్పి వెనక తేదీ చూశాడు. పదకొండు రోజులైంది.

గుండుసూది చేతిలో ఉండగానే బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాడు. మూడోసారికి లైను కలిసింది. ముద్దుకృష్ణే ఎత్తాడు.

"ఫోటోలో బిడ్డ ఎట్లుండాదప్పా?"

"ఆ బిడ్డా? పోయిందన్నా. ఎనిమిదో నెలది గదా, నిలవలేదు. ఇప్పుడు ఇంకో బిడ్డ ఉండాది, పొద్దున్నే పెట్టినారు. పెట్టె మాత్రం బంగారం. మీరు చెప్పినట్టే, ఒక్క అరుపు లేదు."

వరప్రసాద్ రిసీవరులోకి అరిచాడు.

"అరుపు తీగ కోసింది నేనేనప్పా. అది నిజంగానే కాలతాది. బిడ్డను బయటికి తియ్యి. నన్ను తర్వాత తిట్టుకుందువు, ముందు పో."

అవతల రిసీవరు బల్ల మీద పడింది. పరుగెత్తే చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. బయట ఎవరో బూతు తలుపు కొడుతున్నారు. వరప్రసాద్ కదల్లేదు. ఆ బిడ్డ ఏడుపు ఒక్కసారి వినబడితే చాలని, రిసీవరును చెవికి అదుముకుని నిలబడ్డాడు.